స్టిర్లింగ్ రోడ్డులో ఒక శనివారం

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో రైలెక్కి బర్నమ్‌లో దిగాం, నేనూ మా పక్కింటి పెద్దాయనా. అక్కడి నుంచి నడక. స్లౌ ట్రేడింగ్ ఎస్టేట్ అనే ఈ పారిశ్రామికవాడ అంటే ఇప్పుడు గోడౌన్లు, డేటా సెంటర్లు. ఆఫీసు పని మీద చాలాసార్లు వచ్చిన చోటే. ఇక్కడి స్టిర్లింగ్ రోడ్డులో 1964 నుంచి 66 దాకా ‘థండర్‌బర్డ్స్’ అనే టీవీ సీరియల్ తీశారని మాత్రం పెద్దాయన చెప్పేదాకా తెలియదు. ఆయన దాన్ని చూస్తూ పెరిగారు.

ఆపదలో ఉన్నవాళ్లను రాకెట్లలో వచ్చి కాపాడే ట్రేసీ కుటుంబం కథ అది. పాత్రలన్నీ తీగల మీద ఆడే బొమ్మలే. 1963లో పశ్చిమ జర్మనీలోని లెంగెడె గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి కార్మికులు చిక్కుకుపోయారు. రెండు వారాల తర్వాత కూడా 11 మందిని ప్రాణాలతో పైకి తీశారు. బోరు వేసే భారీ యంత్రాన్ని దూరం నుంచి తేవడానికే ఎంతో సమయం పట్టిందని విన్న టీవీ నిర్మాత జెర్రీ ఆండర్సన్‌కు, అలాంటి యంత్రాలు క్షణాల్లో చేరుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. అదే ఈ సీరియల్ అయింది.

ఆ రోడ్డు మామూలుగానే ఉంది. ఓ లారీ రివర్స్ చేస్తున్నారు. పెద్దాయన ఒక చిన్న ప్రహరీ పక్కన ఆగి, సంచిలోంచి తాను చేయించుకున్న నకలు బొమ్మను తీసి నా చేతికిచ్చారు. రెండడుగులకు కాస్త తక్కువ. ఒంటికి తల పెద్దది. అసలు బొమ్మల తలలో సోలెనాయిడ్, అంటే కరెంటు పారితే అయస్కాంతంలా లాగే తీగచుట్ట, ఉండేదట. నటుల మాటలు ముందే టేపు మీద రికార్డు చేసేవాళ్లు. షూటింగులో ఆ టేపు నడుస్తుంటే, మాటకు తగ్గట్టు కరెంటు సన్నటి తీగల గుండా తలలోకి వెళ్లి పెదవిని కదిలించేది. ఆడించేవాళ్లు సెట్టు పైన కట్టిన వంతెన మీద నిలబడి, కింద బొమ్మ ముఖం కనపడక, మానిటర్‌లో చూస్తూ ఆడించేవాళ్లు. తీగలు కెమెరాకు దొరకకుండా వాటికి వెనకున్న రంగే పూసేవాళ్లు.

నేను బొమ్మను నడిపించబోయాను. ఒక్క అడుగు కూడా నేల మీద ఆనలేదు, గాల్లో తేలిపోయింది. ట్రేసీ కొడుకులు నడవకుండా కుర్చీల్లో, జారుడు బల్లల మీద రాకెట్ల దాకా ఎందుకు వెళ్తారో అప్పుడర్థమైంది. చేతుల్ని దగ్గరగా చూపాల్సి వస్తే మనుషుల చేతులే పెట్టేవాళ్లు.

మాది ధర్మవరం. చిన్నప్పుడు నిమ్మలకుంట వాళ్ల తోలుబొమ్మలాట తెర వెనక్కి తొంగి చూశాను. బల్లచెక్కను కాలితో తొక్కుతూ, పద్యం పాడుతూ, ఆ గొంతు విరిగిన చోటే హనుమంతుడి చెయ్యి లేపేవాడు బొమ్మలాడించే ఆయన. మాటా ఆటా ఒకే ఒంట్లోంచి వచ్చేవి. ఇక్కడ మాట ఎప్పుడో ఎవరో చెప్పేసింది. ముందే ఖాయమైపోయిన ఆ గొంతుకు ప్రాణం పోయాలి, అదీ అంత ఎత్తు నుంచి. ఇది ఇంకా కష్టం అనిపించింది నాకు.

బొమ్మలాట ఒక ఎత్తు, స్పెషల్ ఎఫెక్ట్స్ చూసిన డెరెక్ మెడింగ్స్ చిన్న నమూనా వాహనాలతో చేసిన పని మరో ఎత్తు. నమూనా లారీ కదలదు, దాని కిందున్న రోడ్డు, వెనకున్న చెట్లు వేర్వేరు బెల్టుల మీద వేర్వేరు వేగాలతో పరిగెడతాయి. పేలుళ్లను సెకనుకు 120 ఫ్రేముల వేగంతో తీసేవాళ్లు, మామూలు వేగంతో చూస్తే గుప్పెడు మంట కూడా కొండంత బరువుగా కనిపించేది. మొదటి ఎపిసోడ్ 25 నిమిషాలే. అది చూసి, సీరియల్‌కు డబ్బు పెట్టిన టీవీ కంపెనీ అధిపతి లూ గ్రేడ్ గంట కార్యక్రమం చేయమన్నారు. అప్పటికే తీసినవాటికి కొత్త సన్నివేశాలు అతికించాల్సి వచ్చింది. మొత్తం 32 ఎపిసోడ్లు.

తిరిగొస్తుంటే రైల్లో పెద్దాయన ఇంకో సంగతి చెప్పారు. ఆ రోజుల్లో గ్రామఫోన్ రికార్డుల కోసం అవే నటులు చదివిన కథలు కొన్ని మిగిలాయట. 2015లో అభిమానులు చందాలు వేసుకుంటే, ఆ పాత గొంతులకే కొత్త బొమ్మలు చేసి, స్లౌలోనే మూడు ఎపిసోడ్లు తీశారు.

యాభై ఏళ్లు ఆ గొంతులు బొమ్మల కోసం ఎదురుచూశాయన్నమాట. పెద్దాయన ఇంకేం మాట్లాడలేదు. ఒళ్లో బొమ్మ పెట్టుకుని, చిక్కుపడ్డ తీగల్ని ఒక్కొక్కటీ విడదీస్తూ కూర్చున్నారు.