లోపలికి ఎవరు దిగాలి?

పోయిన ఆదివారం మావయ్య ఫోన్ చేశాడు. పిన్ని కూతురి సంబంధం గురించి మొదలైన మాట మెల్లగా నా ఉద్యోగం మీదికి మళ్లింది. "అంత చదువూ చదివి, అంత దూరం పోయి, చివరికి ఆ దొడ్డి నీళ్ల పనేంటే నీకు? పెళ్లివారు అడిగితే వాటర్ రిసోర్సెస్ అని చెప్పాను. ఎవరైనా అడిగితే నువ్వూ అలాగే చెప్పు" అన్నాడు.

మావయ్య మనసు మంచిది. నా ఎంటెక్ ఫీజులో సగం ఆయన కట్టిందే. ఇరిగేషన్‌లో ఈఈగా రిటైరయ్యాడు. ధవళేశ్వరం వెళ్లి లాకుల మీద నిలబడితే ఇప్పటికీ ఆయన మొహం వెలిగిపోతుంది. నీళ్లంటే అంత ఇష్టమున్న మనిషి నోటినుంచి వచ్చింది కాబట్టే ఆ మాట నాకు అంతలా గుచ్చుకుంది. పెద్దాయనకి ఫోన్లో ఎదురు చెప్పలేకపోయాను. చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

నేనుండేది ఇంగ్లండ్ నడిమధ్యన, స్టోక్-ఆన్-ట్రెంట్ దగ్గర. పింగాణీకి పేరుపడ్డ ఊరు. ఇక్కడి ఎర్రమట్టితో ఇటుకలు, పెంకులు, మురుగు గొట్టాలు కూడా తరాల తరబడి కాల్చారు. నా పని మురుగు శుద్ధి కేంద్రాల్లో ఫిల్టర్ బెడ్ అడుగున పరిచే డ్రైనేజీ బ్లాకులు డిజైన్ చేయడం.

ఊరి మురుగు ముందు పెద్ద తొట్లలో నిలవుండి తేరుకుంటుంది. మడ్డి అడుక్కి దిగాక పైన మిగిలిన నీళ్లు ఈ బెడ్ మీదికొస్తాయి. గుండ్రటి గోడ, లోపల ఆరడుగుల మందాన కంకర, మధ్య స్తంభం చుట్టూ నింపాదిగా తిరిగే పొడవాటి గొట్టాలు. వాటి బెజ్జాల్లోంచి నీళ్లు రాళ్ల మీద జల్లులా పడతాయి. రాళ్లకి పట్టిన పాచిలో కోటానుకోట్ల సూక్ష్మజీవులుంటాయి. నీళ్లలో ఉన్న మురికిని తినేది అవే. తినాలంటే వాటికి గాలి కావాలి. ఈ పద్ధతిలో మోటార్లు పెట్టి గాలి ఊదడం సాధారణంగా ఉండదు, గాలి తనంతట తానే ఆడాలి. 1893లో సాల్ఫర్డ్‌లో నిలబడ్డ పద్ధతి ఇది. ఇవాళ్టికీ ఈ దేశంలో చిన్న చిన్న ఊళ్ల మురుగు ఇలాంటి బెడ్లలోనే శుభ్రపడుతోంది.

కంకరకీ కాంక్రీటు నేలకీ మధ్య వరసగా పరిచే గుల్ల దిమ్మలే నా బ్లాకులు. పైముఖంలో పొడుగాటి సందులుంటాయి, పొట్టలో కాలువ ఉంటుంది. ఒకదాని కాలువ పక్కదాని కాలువతో కలుస్తూ వరస మొత్తం గోడ దాకా పోయి, అక్కడున్న పెద్ద కాలువలో పడుతుంది. పాతకాలం బెడ్లలో ఇవి కాల్చిన మట్టివి, తర్వాత కాంక్రీటువి వచ్చాయి. నేను వేసేవి ఎక్కువగా ప్లాస్టిక్‌వి.

చూడటానికి ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ సందు వెడల్పు దగ్గరే వారాలు గడిచిపోతాయి. చలికాలమంతా పేరుకున్న పాచి వసంతం రాగానే పెళ్లలు పెళ్లలుగా ఊడుతుంది. అదంతా సందులోంచి జారిపోవాలి, రాయి మాత్రం జారకూడదు. కాలువకి నూటికి ఒకటైనా వాటం ఉండాలి, లేకపోతే మడ్డి నిలిచిపోతుంది. పైన తడి రాళ్లూ పాచీ కలిసి చదరపు మీటరుకి రెండున్నర, మూడు టన్నుల బరువు. అది ఏడాదికో పదేళ్లకో తీసేసే బరువు కాదు, యాభై ఏళ్లయినా అలాగే మోయాలి. ఒక్క బ్లాకు కుంగిందంటే రాళ్లు కాలువలో పడతాయి. నీళ్లు వెనక్కి తన్ని పైన మడుగు కడతాయి. ఆ భాగంలో పాచి నల్లబడి కుళ్లు కోడిగుడ్డు వాసన వస్తుంది. అడుగున విరిగిన ఆ ఒక్కదాన్ని అందుకోవాలంటే పైనున్న కంకరంతా తోడాలి. ఇరవై మీటర్ల వెడల్పున్న బెడ్‌లో కంకరే దాదాపు ఎనిమిది వందల టన్నులు ఉంటుంది.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది గాలి లెక్క. అమెరికాలో గ్రేట్ లేక్స్ చుట్టూ ఉన్న రాష్ట్రాలు కలిసి రాసుకున్న ప్రమాణాల్లో ఒక నియమం ఉంది: ఈ కాలువలు ఎంత నీరొచ్చినా సగానికి మించి నిండకూడదు. మిగతా సగం గాలికి. బ్లాకుల పైముఖంలో ఉన్న సందులన్నీ కలిపితే బెడ్ విస్తీర్ణంలో కనీసం 15 శాతం రావాలి. చలికాలంలో మురుగు నీళ్లు బయటి గాలికంటే వెచ్చగా ఉంటాయి కాబట్టి బెడ్ మొత్తం పొగగొట్టంలా గాలిని కిందినుంచి పైకి లాగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో గాలి పైనుంచి కిందికి దిగుతుంది. రెండు వేడిమిలూ సమానమైన వేళ కదలదు. డిజైన్ చేసేవాళ్లకి టెన్షన్ పెట్టేవి ఆ గంటలే.

దీన్ని నేను పుస్తకాల్లో చదివాను. చేత్తో తెలుసుకున్నది మాత్రం స్టాఫర్డ్‌షైర్ కొండలవైపు ఉన్న ఒక చిన్న కేంద్రంలో. అక్కడ పాత బెడ్‌కి కొత్త అడుగు వేయాలని కొలతలకి వెళ్లాను. ఆపరేటర్ రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. నేను వస్తున్నానని తెలిసి, ఒక అంచున కంకర ముందురోజే తీయించి, పాత మట్టి పెంకులు కనపడేలా ఉంచాడు. వాటిలో ఒకదాన్ని పైకి తీసి వేడినీళ్లతో రుద్ది కడిగి, టేబుల్ మీద పాత పేపరు పరిచి దాని మీద పెట్టాడు. "ఆ బురదలో కూర్చుని నువ్వెందుకు కొలుచుకోవాలి, ఇక్కడ కొలుచుకో" అన్నాడు. టీ పెట్టిచ్చాడు. తర్వాత బయటికి తీసుకెళ్లి, గోడ అడుగున ఉన్న గాలి తూము దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, గ్లవ్ తీసి, చెయ్యి తడిపి, తూముకి అడ్డంగా పెట్టాడు. నన్నూ పెట్టమన్నాడు. గడ్డకట్టే చలిలో చేతి మీదుగా గాలి లోపలికి లాక్కుపోతోంది. పైన రాళ్లలోంచి సన్నగా ఆవిరి లేస్తోంది.

నా డ్రాయింగు ఆఫీసులో పాసవ్వాలంటే సంతకాల గడుల్లో ఆయనకీ ఒక గడి ఉంటుంది. మన దగ్గర డ్రాయింగు మీద సంతకాలు ఏఈతో మొదలై పైకి పోతాయి, కిందికి వెళ్లడం నేను చూడలేదు. అసలు ఇక్కడ నేను మళ్లీ మళ్లీ ఆలోచించేది ఈ ఒక్క విషయమే. ప్రతి డ్రాయింగుతో ఒక పట్టిక జతచేయాలి. ఈ భాగం పూడుకుపోతే ఎవరు తీస్తారు, ఎక్కడ నిలబడి తీస్తారు, లోపలికి మనిషి దూరాల్సి వస్తుందా, దూరకుండా చేయడానికి డిజైన్‌లో ఏం మార్చావు? కట్టేవాళ్లనే కాదు, తర్వాత ఎప్పుడో శుభ్రం చేసేవాళ్లని కూడా దృష్టిలో పెట్టుకుని గీయాల్సిన బాధ్యత డిజైనర్‌దేనని ఇక్కడ చట్టం. 1995 నుంచి అమల్లో ఉంది, 2015లో మళ్లీ తిరగరాశారు. మనిషి దిగే ఇరుకు చోట్ల గురించి 1997 నాటి నిబంధనలు వేరే ఉన్నాయి. వాటిలో మొదటి మాటే, దిగకుండా పని జరిగే దారి ఉంటే దిగనివ్వకూడదని.

అందుకే నా బ్లాకుల ప్రతి వరసా గోడ బయట ఒక మూత దగ్గర తెరుచుకుంటుంది. మనిషి బయట నిలబడి ప్రెషర్ జెట్ గొట్టం దూర్చి కడగొచ్చు. కెమెరా పంపించి చూడొచ్చు. దీనికి ఖర్చు ఎక్కువవుతుంది, కానీ దాన్ని తగ్గించమని ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదు.

ఈ బుద్ధి వీళ్లకి పుట్టుకతో వచ్చింది కాదు. ఇక్కడికి గంట దూరంలో, డెర్బీషైర్‌లో కార్సింగ్టన్ రిజర్వాయర్ ఉంది. 1983లో దాని కట్ట పని జరుగుతుండగా ఒక మ్యాన్‌హోల్‌లో నలుగురు మనుషులు ఊపిరాడక చనిపోయారు. కట్టలో వాడిన షేల్ రాతిలో పైరైట్ ఉంది. అది గాలి తగిలి ఆమ్లంగా మారింది. డ్రైనేజీ కోసం పరిచిన సున్నపురాయికి ఆ ఆమ్లం తగిలి కార్బన్ డయాక్సైడ్ పుట్టింది. అది బరువైన వాయువు కాబట్టి గుంతలో నిండిపోయింది. నీళ్లు పోవడానికి ఎంచుకున్న రాయే నలుగురి ప్రాణాలు తీసింది. మా సీనియర్ నా మొదటి డ్రాయింగు చూసేముందు కూర్చోబెట్టి చెప్పిన సంగతి ఇది. అప్పటినుంచి ఏ మెటీరియల్ పేరు రాస్తున్నా ఆ నలుగురు గుర్తొస్తారు.

అలాగని ఇక్కడంతా స్వర్గమనీ, మన దగ్గర ఏమీ లేదనీ అనను. అలా ఎవరైనా అంటే నాకు కోపమొస్తుంది. 2023లో ఒక్క ఇంగ్లండ్‌లోనే వాన పేరు చెప్పి శుద్ధి చేయని మురుగుని నదుల్లోకి, సముద్రంలోకి వదిలిన సమయం అంతా కూడితే 36 లక్షల గంటలు. మన ఊళ్లు పెరిగిన వేగం ఏ ఇంగ్లీషు ఊరికీ తెలియదు. మూడడుగుల సందులో, రెండు వైపులా ఇళ్ల గోడలు ఆనుకుని ఉన్నచోట పెద్ద జెట్టింగ్ లారీ ఎలా దూరుతుంది? అందుకే 2017లో హైదరాబాద్‌లో ఆ సందుల్లోకి వెళ్లేలా చిన్న మెషీన్లు దింపారు. అలాంటి ఆలోచన ఇక్కడివాళ్లకి రాదు, అలాంటి సందులు వీళ్లకి లేవు. 1908 మూసీ వరద తర్వాత నిజాం పిలిపిస్తే వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆలోచనతో ఆగలేదు, నగరానికి భూగర్భ డ్రైనేజీ ప్లాను కూడా గీశారు. ప్రతి సెప్టెంబర్ 15న ఆ మహానుభావుడి ఫొటోకి మావయ్య దండ వేస్తాడు. ఆయన గీసిన వాటిలో జలాశయాలకి దండ, మురుగు కాలువలకి మౌనం ఎందుకని నాకు అడగాలనిపిస్తుంది.

కోనసీమలో పుట్టినవాళ్లకి దీని గురించి ఒకరు చెప్పాలా? పంట కాలువ ఎంత బాగున్నా మురుగు కాలువ పూడిపోతే చేలో నీళ్లు నిలిచి మొక్క కుళ్లిపోతుంది. 2011లో అక్కడి రైతులు క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధరతో పాటు డ్రెయిన్లు బాగుచేయలేదన్నది కూడా వాళ్ల మొర. చేలోంచి బయటికిపోయే నీటిని పట్టించుకుంటే గౌరవం, ఇంట్లోంచి బయటికిపోయే నీటిని పట్టించుకుంటే పరువు తక్కువ. తేడా నీటిలో లేదని మావయ్యకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ పని తరతరాలుగా ఎవరి నెత్తిన రుద్దామో అందులో ఉంది తేడా. మ్యాన్‌హోల్‌లో దిగి చనిపోయినవాళ్ల వార్త పేపర్లో వస్తే వాళ్ల కులం ఏమిటో ఎవరూ అడగరు, అడగక్కర్లేకుండానే తెలుసు కాబట్టి. మొదట దిగినవాడు పడిపోతాడు, కాపాడదామని రెండోవాడు దిగుతాడు, వాడూ పడిపోతాడు. మనుషుల చేత ఈ పాకీపని చేయించకూడదని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. చనిపోయినవాళ్ల కుటుంబాలకి పది లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో ముప్పై లక్షలు చేసింది. బెజవాడ విల్సన్‌కి 2016లో మెగసెసే అవార్డు వచ్చినప్పుడు మన తెలుగువాడని అందరం షేర్ చేసుకున్నాం. ఆయన జీవితమంతా ఏ పని ఆపమని తిరుగుతున్నాడో అది మాత్రం ఆగలేదు.

నేను చదువుకున్న చదువులో ఈ ఊసే రాలేదు. ఐదు రోజుల బీఓడీ పరీక్ష, అంటే నీళ్లలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో కొలిచేది, బట్టీ పట్టాం. అది ఇంగ్లండ్ రాయల్ కమిషన్ 1912 నివేదికతో స్థిరపడింది. సంప్ లోతు, పంపు హెడ్ లెక్కలు కట్టాం. ఆ సంప్‌లో మడ్డి పేరుకుంటే ఎవరు దిగాలన్న ప్రశ్న ఏ పరీక్ష పేపర్లోనూ లేదు.

నాతో చదివిన ఒకతను ఇప్పుడు మనవైపు ఒక మున్సిపాలిటీలో పనిచేస్తున్నాడు. మొన్నీమధ్య కొత్త శుద్ధి కేంద్రం డ్రాయింగు పంపించి ఒకసారి చూడమన్నాడు. లెక్కలన్నీ శుభ్రంగా ఉన్నాయి. సంప్‌కి నిచ్చెన గీశారు, ఇరుకు మూత గీశారు. "లోపల పూడిక ఎవరు తీస్తార్రా?" అని అడిగాను. "కాంట్రాక్టర్ చూసుకుంటాడు" అన్నాడు. కాసేపాగి, "బయటినుంచి తీసే ఏర్పాటు పెడదామంటే ఎస్సెస్సార్‌లో ఐటమ్ లేదు" అన్నాడు. ఎస్సెస్సార్ అంటే ప్రభుత్వ పనులకి రేట్లు రాసుండే పట్టిక. వాడికి పట్టక అన్న మాట కాదది. ఎస్టిమేట్‌లో రేటు లేని వస్తువుకి బిల్లు పాసవ్వదు, ఆడిట్ అభ్యంతరం వస్తుంది, సమాధానం చెప్పుకోవాల్సింది వాడే.

ఎస్సెస్సార్‌లో లేనిదానికి కొటేషన్లు తెచ్చి రేటు కట్టుకోవచ్చు, కొటేషన్లు రావాలంటే కొలతలతో డ్రాయింగులుండాలి. సంప్ అడుగుకి వాటం పెంచి మడ్డంతా ఒక మూలకి చేరేలా, పైనుంచి సక్షన్ గొట్టం నేరుగా ఆ మూలకి దిగేలా, లోపలి నిచ్చెన అసలు లేకుండా గీశాను. మూత వెడల్పు, గొట్టం సైజు అక్కడ దొరికే లారీలకి సరిపోవాలి. వాళ్ల ఊళ్లో ఉన్న సక్షన్ లారీ గొట్టం కొలత పంపమన్నాను, అది రాగానే చివరి షీట్ పూర్తిచేసి పంపిస్తాను.