జారుడు గట్టు

పదకొండు దాటింది. మధ్యాహ్నం మా ఆయన పట్టుబట్టి చూపించిన ‘స్పెల్‌బౌండ్’ మీద కోపం ఇంకా చల్లారలేదు, అది కాస్తా రాసేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

1945లో హిచ్‌కాక్ తీసిన ఆ సినిమాలో బాగున్నవి లేకపోలేదు. మిక్లోష్ రోజా సంగీతంలో థెరెమిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం మూలిగినప్పుడల్లా చేతిలోని పల్లీలు చేతిలోనే ఉండిపోయాయి. ఆస్కార్ ఊరికే ఇవ్వలేదు. చిత్రకారుడు సాల్వడార్ డాలీ రూపకల్పన చేసిన కలలో, కళ్ళ బొమ్మలున్న తెరలను బారెడు కత్తెరతో కోస్తుంటే కన్నార్పలేదు.

నాకు గిట్టనిది అందులోని మనసు వైద్యం. ఫోర్కుతో తెల్లటి మేజాగుడ్డ మీద గీసిన గీతలు చూసి కలవరపడుతూ, గతం మరిచిపోయి, డాక్టర్ ఎడ్వర్డ్స్‌ను తానే చంపానేమోనని భయపడే గ్రెగరీ పెక్, తనకు వైద్యం చేసే డాక్టరు ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌తో కలిసి మంచు కొండ మీద స్కీయింగ్ చేస్తూ లోయ అంచుకు వచ్చేసరికి, చిన్నప్పుడు తన వల్ల తమ్ముడు చనిపోయిన సంగతి గుర్తు తెచ్చుకుంటాడు. గుర్తొచ్చిన మరుక్షణం అపరాధభావం పటాపంచలు! నిర్మాత సెల్జ్‌నిక్ స్వయంగా మనోవిశ్లేషణ చేయించుకున్నవాడు, తన డాక్టరునే ఈ సినిమాకు సలహాదారుగా పెట్టుకున్నవాడు. అయినా ముల్లు తీసేసినంత తేలికగా మనిషి బాగుపడిపోతాడని ఎలా ఒప్పుకున్నాడో నాకు అంతుపట్టలేదు. ఆడవాళ్ళు ప్రేమలో పడనంత కాలమే మంచి విశ్లేషకులనీ, పడ్డాక మంచి రోగులవుతారనీ ముసలి డాక్టర్ బ్రూలోవ్ అన్నప్పుడు మా ఆయన నవ్విన నవ్వు గురించి విడిగా రాయాలి, రాస్తాను కూడా.

అసలు విషయం ఏమిటంటే, ఆ పిల్లవాడు మెట్ల పక్కనున్న ఏటవాలు గోడ మీద జారుతూ వచ్చి, కింద కూర్చున్న తమ్ముణ్ణి ఇనుప ఊచల మీదికి తోసేసే దృశ్యం దగ్గర నాకు ఊపిరి ఆడలేదు. అమ్మమ్మ గారింట్లో మేడ మెట్ల పక్కన అలాంటి సిమెంటు గట్టే ఉండేది. ఒక వేసవిలో దాని మీద నేను తమ్ముడి వెనక కూర్చుని, వాడు జారడానికి జంకుతుంటే కాళ్ళతో తోశాను. కింద తులసికోట అంచుకు వాడి గడ్డం తగిలి చీలింది. తెల్ల బనీను మీద మెడ దగ్గర నుంచి బొడ్డు దాకా దిగిన ఎర్రటి చార, అమ్మమ్మ గుప్పెడు కాఫీపొడి తెచ్చి అద్దడం, ఆ పొడి తడిసి నల్లటి ముద్ద కావడం, ఇవన్నీ ముప్పై ఏళ్ళుగా నాకు చెక్కుచెదరలేదు. నేను తోశానని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈ రాత్రి ఫోన్ చేసి చెప్పేశాను. వాడు పగలబడి నవ్వి, “నువ్వెక్కడున్నావక్కా అక్కడ? ఆ రోజు నువ్వు జ్వరంతో పై గదిలో పడుకున్నావు. నేనే పడ్డాను” అన్నాడు.

ముల్లు ఊడినట్టే కదా? ఊడలేదు. నా పాదాలకు వాడి వీపు తగిలిన స్పర్శ ఇప్పటికీ అలాగే ఉంది.

సినిమాను మరీ అన్యాయంగా తిట్టానేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. జ్ఞాపకం తిరిగొచ్చినంత మాత్రాన అక్కడ కూడా పెక్ బయటపడలేదు. ఎడ్వర్డ్స్ శవంలో తూటా దొరకడంతో జైలుకు వెళ్ళాడు. హతుడైన ఎడ్వర్డ్స్‌తో తనకు కొద్దిపాటి పరిచయం ఉందని ఆసుపత్రి పెద్ద డాక్టరు నోరు జారబట్టి బెర్గ్‌మన్‌కు అసలు దోషి దొరికాడు. గుర్తుకు రావడం ఒకటి, తేలడం మరొకటి అని హిచ్‌కాక్‌కు తెలుసు కాబోలు. ఆ మంచు కొండ దగ్గర తొందర మాత్రం క్షమించను.

తమ్ముడు చెప్పింది నిజమైతే కాఫీపొడి ముద్దను నేను ఎలా చూశాను? పండక్కి వచ్చినప్పుడు ఆ మచ్చ ఒకసారి చూద్దామంటే, వాడు నాలుగేళ్ళుగా గడ్డం తీయడం మానేశాడు.