వారంటీ అయిపోయాక మొరాయించిన ఛార్జింగ్ పోర్ట్: ఇప్పటిదాకా జరిగిన పని

ఫోన్ వారంటీ మార్చిలో అయిపోయింది, జూలై వానలకి ఛార్జింగ్ మొరాయించడం మొదలైంది. సర్వీస్ సెంటర్‌లో ఫోన్ తెరవకుండానే మదర్‌బోర్డ్ పోయినట్టుందన్నారు. వాళ్లు చెప్పిన రేటుకి ఇంకో వెయ్యో రెండు వేలో కలిపితే ఇదే మోడల్ సెకండ్ హ్యాండ్‌లో వచ్చేస్తుంది. నిజంగా బోర్డేనా అన్నది ఇంట్లోనే తేల్చుకుందామని టైప్-సీ మీటర్ తెప్పించాను. కేబుల్‌కీ ఫోన్‌కీ మధ్య పెట్టే చిన్న డబ్బీ అది, ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు వెళ్తున్నాయో చూపిస్తుంది.

రెండు చివరలా టైప్-సీ ఉన్న కేబుల్‌తో ఒక వైపు పెడితే 5 వోల్టులు, 0.4 ఆంపియర్లు. తిప్పి పెడితే మీటర్ డిస్‌ప్లే వెలగనే లేదు! టైప్-సీ పోర్ట్‌లో 24 పిన్నులుంటాయి, వాటిలో సీసీ పిన్నులు రెండు. కేబుల్ ఎటు తిప్పి పెట్టామన్నదాన్ని బట్టి వాటిలో ఒకటి పనిచేస్తుంది, అది తగిలితేనే ఛార్జర్ కరెంటు వదులుతుంది. ఒక వైపు పనిచేసి రెండో వైపు చేయట్లేదంటే ముందు అనుమానించాల్సింది పోర్ట్‌నే, మదర్‌బోర్డ్‌ని కాదు. ఓటీజీ పెన్‌డ్రైవ్ (ఫోన్‌కి నేరుగా గుచ్చేది) పెట్టి చూసినా అదే తంతు, ఒక వైపే కనిపించింది. టార్చ్ వేసి భూతద్దంతో చూస్తే పోర్ట్ లోపలి నాలుక మీద ఓ మూల పచ్చగా చిలుము పట్టింది. బండి మీద హోల్డర్‌లో పెట్టి వానలో కూడా ఛార్జింగ్ నడిపే ఫోన్ ఇది, తడిలో కరెంటు పారితే పిన్నుల్ని అలాగే తినేస్తుంది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పళ్ల సందుల్లో తోముకునే సన్న బ్రష్‌తో శుభ్రం చేస్తే నూలు పోగులు బాగానే వచ్చాయి గానీ రీడింగ్ మారలేదు. (గుండుసూది, సిమ్ పిన్ను లోపల పెట్టకండి, ఆ నాలుక విరిగితే అంతే.)

నా మోడల్లో పోర్టూ మైకూ ఫోన్ అడుగున ఉండే చిన్న బోర్డ్ మీదే ఉంటాయి, కాబట్టి టంకం పని లేకుండా బోర్డ్ మొత్తం మార్చేయొచ్చు. అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో సీసీ బోర్డ్ (షాపుల్లో ఈ చిన్న బోర్డ్‌ని అలాగే అంటారు) అని అడిగితే షాపతను తల ఎత్తకుండానే "విత్ ఐసీ హోనా క్యా, వితౌట్?" అన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టించి చూశాను. చవకదాంట్లో ఐసీ, అంటే చిన్న నల్ల చిప్, ఉండాల్సిన చోట ఖాళీ మచ్చలు మాత్రమే ఉన్నాయి. అది వేస్తే ఛార్జింగ్ ఎక్కుతుంది గానీ ఫాస్ట్ ఛార్జింగ్ రాదని అతనే ఒప్పుకున్నాడు. ఐసీ ఉన్నదాన్నే, 550 చెబితే బేరమాడి 450కి తెచ్చాను.

విప్పే ముందు బ్యాటరీ 25 శాతం కంటే తగ్గేదాకా వాడేశాను, పొరపాటున దానికి గీత పడినా మంట ప్రమాదం తక్కువ ఉంటుందని. హెయిర్ డ్రయర్‌తో అంచులు వేడి చేసి, గిటార్ పిక్ దూర్చి నెమ్మదిగా వెనక మూత తీశాను, ఓపిక అంతా ఇక్కడే కావాలి. స్క్రూలన్నీ కాగితం మీద ఫోన్ బొమ్మ గీసి ఎక్కడివక్కడ టేపుతో అతికించాను, ఎందుకంటే పొడుగుది పొట్టి రంధ్రంలో బిగిస్తే అవతల డిస్‌ప్లే పగులుతుంది. మొదట ఊడదీయాల్సింది బ్యాటరీ కనెక్టర్, అదీ ప్లాస్టిక్ పుల్లతోనే. సన్నటి నల్ల యాంటెన్నా వైరుని పక్కకి లాగకుండా నిలువుగా పైకి లేపాలి, మళ్లీ పెట్టేటప్పుడు టిక్కుమనాలి, లేదంటే సిగ్నల్ పడిపోతుంది.

గమ్ పెట్టకముందే కలిపి చూశాను. రెండు వైపులా 9 వోల్టులు, 1.8 ఆంపియర్ల దగ్గర ఆడుతోంది, అంటే దాదాపు 16 వాట్లు. అప్పుడు గానీ టెన్షన్ తగ్గలేదు. బి-7000 గమ్ సన్నగా గీసి, రబ్బరు బ్యాండ్లు చుట్టి రాత్రంతా వదిలేశాను. నీళ్లకి తట్టుకునే గుణం మాత్రం ఇక ఉండదు, బండి హోల్డర్‌కి వాన కవర్ కొన్నాను.

మిగిలిన పని ఒక్కటే. కాల్‌లో నా గొంతు కాస్త దూరంగా వినిపిస్తోందంటున్నారు. కొత్త బోర్డ్‌తో మైకు చుట్టూ ఉండే రబ్బరు ముక్క రాలేదు, పాతది చిరిగిపోయి ఉంది. అది దొరికితే మూత మళ్లీ తెరవాలి, ఈలోపు ఇయర్‌ఫోన్ మైకుతో నడిపిస్తున్నా.