పంపు లేని రేడియేటరు

అమెరికాలోని డియర్‌బోర్న్‌లో ఉన్న గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ అనే ఆరుబయటి మ్యూజియంలో ఫోర్డ్ మోడల్ టీ కారెక్కి తిరిగాక, నా ధ్యాస ప్రయాణం కంటే ఇంజను నీటిని చల్లబరిచే దాని రేడియేటరు మీదే నిలిచిపోయింది. 1908లో మొదలైన ఈ మోడల్‌లో తొలి 2,500 కార్లకు మాత్రమే నీటి పంపు ఉండేది. ఆ తరువాత దాన్ని తీసేసి, 1927లో ఉత్పత్తి ఆగేదాకా పంపు లేకుండా వేడి వల్లే నీరు తిరిగే థర్మోసైఫన్ పద్ధతినే నమ్ముకున్నారు. సిలిండర్ల చుట్టూ వేడెక్కిన నీరు తేలికై, పై గొట్టం గుండా రేడియేటరు పైతొట్టిలోకి చేరి, సన్నని గొట్టాల్లో చల్లబడి, బరువెక్కి కిందికి దిగి, అడుగు గొట్టం ద్వారా మళ్లీ ఇంజనులోకే వస్తుంది. వేడి పెరిగేకొద్దీ ప్రవాహమూ పెరుగుతుంది కనుక వేడిని బట్టి నీటి ప్రవాహాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ కూడా పెట్టలేదు. అయితే నీటిమట్టం పై గొట్టం నోటికన్నా దిగువకు పడిందంటే ఈ ప్రదక్షిణ ఆగిపోతుంది, ఇంజను ఉడికిపోతుంది. డ్యాష్‌బోర్డుపై ఉష్ణోగ్రత చూపే ముల్లు లేదు. అందుకే చాలామంది రేడియేటరు మూత మీదే మోటోమీటరు అనే ఉష్ణమాపకం బిగించుకుని, అందులోని ఎర్రగీతను సీట్లోంచే చూసుకునేవారు. చలికాలంలో నీరు గడ్డకట్టకుండా రాత్రికి వంపేసేవారు, లేదా ఆల్కహాల్ కలిపేవారు (ఆవిరైపోతుంది కనుక మళ్లీ మళ్లీ పోయాల్సిందే). విడిగా పంపులు కొని తగిలించుకున్నవారూ లేకపోలేదు గానీ, రేడియేటరు పూడిపోకుండా శుభ్రంగా ఉంటే వాటి అవసరం రాదనే నా అభిప్రాయం.