కువైటులో రంజాను, బైబిల్లో చీటీ

మా నరసాపురంలో బుధవారం స్త్రీల ప్రార్థన అయ్యాక నా చేతిలో ఒక చీటీ పెట్టారు. రూళ్ల కాగితం మీద పదకొండు పేర్లు. అందరూ మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే, అందరూ కువైటులో ఇళ్లల్లో పనికి వెళ్లినవాళ్లే. "రంజాను నెల కదా టీచరుగారూ, ముస్లిం దేశంలో మన విశ్వాసులకి ఎంత కష్టమో ఏమో. ఎలాగూ వెళ్తున్నారు, ఒక్కొక్కళ్లనీ కలిసి ప్రార్థన చేసి రండి" అన్నారు. పదకొండు మందేగా, ఎంతసేపు అనుకుని చీటీని బైబిల్లో కీర్తనల దగ్గర పెట్టుకున్నాను. నెల రోజుల్లో నేను కళ్లారా చూసింది ముగ్గురిని.

2024 ఫిబ్రవరిలో కువైటు ప్రభుత్వం కుటుంబ సందర్శన వీసాలు మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టింది. తల్లిదండ్రుల్ని పిలిపించుకోవాలంటే జీతం కనీసం 400 దీనార్లు ఉండాలని, రానూపోనూ టిక్కెట్టు ఆ దేశపు విమానంలోనే తియ్యాలని అప్పటి నియమం. మా అబ్బాయి అక్కడ అకౌంటెంటు. లెక్కలన్నీ సరిపోయాయి కాబట్టి మార్చి రెండో వారంలో హైదరాబాదులో విమానం ఎక్కాను. ఆ ఏడు రంజాను మార్చి 11న మొదలైంది, ఈస్టరు 31న పడింది. ఈస్టరుకి ముందు వచ్చే మన శ్రమదినాలూ వాళ్ల ఉపవాసాలూ కలిసి నడిచాయన్నమాట. నా పుట్టిల్లు భీమవరం లూథరన్ గుడి, మెట్టినిల్లు నరసాపురం బ్రెదరన్ కూటం. శ్రమదినాలు ఒకచోట ఆచరిస్తారు, ఇంకోచోట పట్టించుకోరు. నాకు రెండూ అలవాటే.

విమానాశ్రయం నుంచి మా అబ్బాయి ఉండే సాల్మియాకి కారులో వెళ్తుంటే నోరు ఎండిపోయి సంచిలోంచి నీళ్ల సీసా తీశాను. నాకు షుగరు. మూత తిప్పానో లేదో మా అబ్బాయి ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో నా చెయ్యి కిందికి నొక్కేశాడు. "అమ్మా, పక్క కారువాడు చూస్తాడు." అక్కడ 1968 నుంచి చట్టం ఉంది, రంజాను పగటిపూట బయట తిన్నా తాగినా వంద దీనార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు. వంద దీనార్లంటే అప్పటి లెక్కన మనకి పాతికవేల పైమాటే. సీసా ఒళ్లో పెట్టుకుని, కొంగు కప్పి, ఇల్లు చేరేదాకా మూత తిప్పుతూ కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, అప్పుడనిపించింది, మనవాళ్లు చెప్పిన కష్టం ఇదే కాబోలని.

కాదు. అది నాకు శుక్రవారం తెలిసింది.

అక్కడ సెలవు శుక్ర, శనివారాలు, ఆదివారం ఆఫీసులుంటాయి. అంచేత అందరి ఆరాధనా శుక్రవారమే. కువైటు సిటీలో ఖిబ్లా అనే పేటలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణ ఉంది. అమెరికా మిషను వాళ్లు 1931లో కట్టిన గుడి అది. ఇప్పుడు అందులో ఎనభైకి పైగా సంఘాలు, ఒక్కొక్క గదిలో గంటల లెక్కన వంతులు. మేం వెళ్లేసరికి ఒక తలుపులోంచి మలయాళం పాట, పక్క తలుపులోంచి అరబ్బీ, మెట్ల కింద ఫిలిప్పీను పిల్లల గిటారు. మా తెలుగువాళ్ల వంతు వచ్చేదాకా వరండాలో నిలబడ్డాం. రహస్యం లేదు, దాక్కోవడం లేదు. ఇస్లాం రాజ్యమతమైనా ఎవరి నమ్మకం వాళ్లదని 1962 నాటి రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ముస్లిములకు బోధించకూడదు, అది మాత్రం గట్టి నియమం. ఆ గుడిలో 1999లో అభిషేకం పొందిన పాస్టరు ఇమాన్యుయేల్ గరీబ్ సాక్షాత్తు కువైటు పౌరుడే. మా ఊళ్లో ఈ మాట చెబితే ఇప్పటికీ సగంమంది నమ్మరు.

మరో సంగతి కూడా అక్కడే తలపుకొచ్చింది. మా బ్రెదరన్ కూటాలకి మూలమైన గోదావరి డెల్టా మిషను మొదలుపెట్టిన బౌడెన్, బీర్ దొరల్ని 1836లో మన దేశానికి వెంటబెట్టుకొచ్చింది గ్రోవ్స్ అనే మిషనరీ దొర. ఆయన అంతకుముందు బాగ్దాదులో ఉన్నాడు, 1831 ప్లేగులో భార్యనీ, ఆ ఏడే పసిబిడ్డనీ అక్కడే పోగొట్టుకున్నాడు. అరబ్బుదేశంలో ఏడ్చిన మనిషి తెచ్చిన సువార్త మాది. ఇప్పుడు మా ఆడపిల్లలు వచ్చి అటువైపే ఏడుస్తున్నారు.

చీటీలో ఉన్నవాళ్లు ఆ రోజు ఇద్దరే కనిపించారు. మిగతావాళ్లేరీ అని అడిగితే ఒకామె నవ్వింది. "రంజాన్లో ఖద్దామాకి శుక్రవారం ఏంటండి టీచరుగారు!" ఖద్దామా అంటే ఇంటిపని మనిషి. 2015 చట్టం ప్రకారం రోజుకి పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవు ఇవ్వాలి. రంజాన్లో ఆఫీసుల పనివేళలు తగ్గుతాయి. వంటింటి పనివేళలు మాత్రం పెరుగుతాయి. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకి నాయిఫ్ కోట దగ్గర ఫిరంగి పేలేసరికి ఇఫ్తారు బల్ల సిద్ధంగా ఉండాలి. ఆ తర్వాత మగవాళ్లు కూర్చుని కబుర్లాడుకునే దీవానియాకి టీలు, అర్ధరాత్రికి బంధువులొస్తే గబ్గా విందు, తెల్లారకముందే సహరీ భోజనం. మధ్యలో అంట్లు.

చీటీలో ఏడో పేరు మా బడిలో చదువుకున్న పిల్లది. పదో తరగతిలో పద్యాలు గడగడా అప్పజెప్పేది. ఫోను చేస్తే తియ్యలేదు. రాత్రి రెండు గంటలకు తనే చేసింది. వెనక నీళ్ల చప్పుడు. "ఇప్పుడే కుదురుద్దండి టీచరుగారు, గబ్గా అంట్లయ్యాయి, సహరీకింకా గంటుంది" అంది గుసగుసగా. ఆ గంటలో పడుకోవచ్చు కదా అన్నాను. పడుకుంటే లేవలేదట. అంచేత మర్నాటికి సంబూసాలు, అంటే మన సమోసాలు, మడుస్తుందట.

ఏం ప్రార్థన చెయ్యమంటావమ్మా అన్నాను. విశ్వాసంలో స్థిరంగా ఉండాలనో, శోధన తప్పాలనో అంటుందని నా మనసులో వాక్యాలు కూడా పేర్చుకున్నాను.

"నిద్ర కోసం చెయ్యండి టీచరుగారు."

నలభై ఏళ్లుగా కూటాల్లో ప్రార్థన చేస్తున్నాను. నిద్ర ఇమ్మని ఎవరి కోసమూ అడగలేదు. మాటలు తడబడ్డాయి. ఆమెన్ అనేలోపే అటునుంచి ఎవరో పిలిచారు, ఫోను ఆగిపోయింది. అప్పుడు మన దేశంలో నాలుగున్నర. మా నరసాపురంలో తెల్లవారుజాము ప్రార్థనకి చాపలు పరిచే వేళ. మర్నాడు ఊరికి ఫోను చేసి, ఇక నుంచి ఆ వేళకి ఆ పిల్లని కూడా లైన్లో కలపమన్నాను. కుదిరిన రోజు అయిదు నిమిషాలు ఉండేది. పాడేది కాదు, వినేది. నీళ్ల చప్పుడు వినిపిస్తే ఉందని మాకు గుర్తు.

ఈస్టరుకి వారం ముందు, మట్టల ఆదివారం నాడు ఆమెను చూశాను. రంజాను నెల నడుమ మూడు రాత్రులు గర్గీఆన్ అని పిల్లల సంబరం చేస్తారు. జరీ బట్టలు కట్టుకుని, మెళ్లో సంచులు వేలాడేసుకుని ఇంటింటికీ పాడుకుంటూ వస్తారు, బాదం, జీడిపప్పు, మిఠాయిలు పోయించుకుంటారు. ఆ రాత్రి గేట్లు తెరిచే ఉంటాయి, రండి అంది. మా అబ్బాయి కారు వీధి చివర ఆపాడు. పెద్ద విల్లా, గేటు దగ్గర గంప, గంప పక్కన నా విద్యార్థిని. చిక్కిపోయింది. కళ్లకింద నలుపు. నన్ను చూసి నవ్వుతూనే, చెయ్యి మాత్రం ఆపకుండా గుప్పెళ్లతో పిల్లల సంచుల్లో పప్పులు పోస్తోంది. కళ్లు మూసుకోకుండా, చేతులు జోడించకుండా, మామూలుగా మాట్లాడుతున్నట్టే ప్రార్థన చేశాను. మధ్యలో పిల్లల పాట హోరెత్తింది. ఏమంటున్నారే అని అడిగాను.

"ఈ ఇంటి పిల్లాడి పేరు పెట్టి పాడతారండి. దేవుడా, వీణ్ణి చల్లగా చూడు, వీళ్లమ్మకి ఉంచు అని."

నరసాపురంలో అమ్మమ్మ దగ్గర ఉన్న తన కొడుక్కి ఆరేళ్లు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. ఇంతలో ఆ ఇంటి ముసలావిడ చేతికర్రతో గేటు దాకా వచ్చింది. నాకు గుండె జారింది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, టీచరునని ఈ పిల్ల అరబ్బీలో చెప్పగానే, లోపలికి రమ్మన్నట్టు చెయ్యూపింది. నేను వద్దన్నానని గంపలోంచి దోసిలితో పప్పులు తీసి నా కొంగులో పోసింది. "ఈవిడ మంచిదండి. ఫిరంగి పేలగానే మొదటి ఖర్జూరం నాకే పెట్టుద్ది. కోడలిగారితోనే..." అని ఆపేసింది. ఆ ముసలావిడ మోకాళ్ల కోసం కూడా ప్రార్థన చెయ్యమంది. చేశాను. చీటీ మీద లేని పన్నెండో మనిషి.

గుడ్ ఫ్రైడే ఆ దేశంలో ఎప్పుడూ సెలవురోజే, అది శుక్రవారం కాబట్టి. ఆవరణలో కాలు పెట్టే చోటు లేదు. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలూ విన్నాం. తను రాలేదు. ఈస్టరు తెల్లవారుజామున మాత్రం ఫోన్లో నీళ్ల చప్పుడు వినిపించింది. ఆ రాత్రే రంజాను చివరి పది రాత్రుల నమాజులు మొదలై, మా కిటికీలోకి మసీదు మైకులోంచి ఖురాను వినబడుతోంది. ఒక చెవిలో అది, ఇంకో చెవిలో నరసాపురం వాళ్ల పునరుత్థాన కీర్తన.

ఏప్రిల్ 10న వాళ్ల పండగ. ఆ తర్వాత రెండు రోజులకే నేను తిరిగి వచ్చేశాను. బుధవారం కూటంలో చీటీ తీసి బల్ల మీద పెట్టాను. మా కూటానికో నోటుబుక్కు ఉంది, నెరవేరిన ప్రార్థనలు అందులో రాస్తారు. రాసే సిస్టరుగారు కలం పట్టుకుని, ఏడో పేరు దగ్గర ఏం రాయమంటారండి అన్నారు.

"పండగ మర్నాడు పదకొండు గంటలు నిద్రపోయిందట" అన్నాను.

"అది రాయనా?"

"అదే రాయండి."