1921 బెజవాడ, ఒక వంటిల్లు, ఇద్దరు డిటెక్టివులు

నేను రాసింది అపరాధ పరిశోధన నవల. అందులో కత్తిపోట్లు, రక్తపు మడుగులు ఉండవు. ఊళ్ళో ఒక మనిషి పోతాడు, ఊరివాళ్ళే ఇద్దరు ఆరా తీస్తారు, నిజం తేలుతుంది, మిగిలినవాళ్ళు మళ్ళీ పనుల్లో పడతారు. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకుని చదివిన డిటెక్టివ్ నవలలంటే నాకు ప్రాణం. ఆ హాయి నా పుస్తకంలోనూ ఉండాలనుకున్నాను. తేడా ఒక్కటే. ఆరా తీసే ఇద్దరూ మగవాళ్ళు, ఒకరినొకరు ప్రేమించుకున్నవాళ్ళు, ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నవాళ్ళు.

నేను, నా సహచరుడు విజయవాడలోనే ఏళ్ళుగా కలిసి ఉంటున్నాం. మాలాంటి వాళ్ళు నేను చదివిన కథల్లో ఎప్పుడు కనిపించినా చివరి పేజీ దాకా బతికి ఉండేవాళ్ళు కాదు. ఉన్నా, ఒకరు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. డిటెక్టివ్ నవలలో ఒక భరోసా ఉంటుంది. పరిశోధకుడు చావడు, వచ్చే పుస్తకంలో మళ్ళీ వస్తాడు. ఆ భరోసా మా వాళ్ళకి ఇవ్వాలని ఈ పని మొదలుపెట్టాను.

1921నే ఎందుకు పట్టుకున్నానంటే, ఆ మార్చి 31న, ఏప్రిల్ 1న అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. గాంధీ గారు వచ్చారు. పింగళి వెంకయ్య గారు ఆయనకు జెండా నమూనా చూపించింది అప్పుడే. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని, కోటిమందిని సభ్యులుగా చేర్చాలని, 20 లక్షల రాట్నాలు తిరిగేలా చూడాలని ఇక్కడే తీర్మానించారు. జిల్లాల నుంచి జనం విరగబడ్డ ఆ రోజుల్లో కొత్త ముఖాన్ని ఎవరూ అనుమానించరు, చందా డబ్బు చేతులు మారుతూ ఉంటుంది, పోలీసుల కళ్ళన్నీ సభ మీదే ఉంటాయి. నేరం చేయాలనుకునేవాడికి ఇంతకంటే అదను ఏముంటుంది? గాంధీ గారి చేత మాత్రం ఒక్క మాట కూడా పలికించలేదు. ఆయన్ని పాత్రగా తీసుకొస్తే పుస్తకం ఆయనదైపోతుంది. నా వాళ్ళిద్దరూ ఆయన్ని దూరం నుంచి, జనం తలల మీదుగా చూస్తారు, అంతే.

నా డిటెక్టివులిద్దరిలో ఒకడు కాలువలో పడవలను దాటించే లాకుల దగ్గర గుమాస్తా. ఏ పడవ ఎప్పుడు దాటింది, ఏం సరుకు వేసుకుని వెళ్ళింది, అన్నీ చిట్టాలో రాసేవాడు. రెండోవాడు గుంటూరు నుంచి వచ్చిన లూథరన్ క్రైస్తవుడు, గవర్నరుపేటలో ఒక డాక్టరు గారి దగ్గర మందులు కలిపి ఇచ్చే కాంపౌండరు. ఒకడికి ఊరి రాకపోకలు తెలుసు, ఇంకొకడికి ఊరి జబ్బులు తెలుసు. పోలీసులకు దొరకనిది వీళ్ళకు దొరకడానికి ఆ మాత్రం చాలు.

ముందు రాసుకున్న చిత్తులో ఒకణ్ణి స్త్రీ వేషాలు వేసే నటుడిగా పెడదామనుకున్నాను. అప్పుడు రంగస్థలం మీద ఆడ పాత్రలన్నీ దాదాపు మగవాళ్ళే వేసేవాళ్ళు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి మా తాతల తరం కథలు కథలుగా చెప్పుకునేది. తర్వాత మానేశాను. ఆ వేషం ఏళ్ళ సాధనతో వచ్చిన విద్య. మగవాణ్ణి ప్రేమించే మగవాడు అనగానే చీర కట్టుకున్నవాణ్ణి చూపించే అలవాటు మన సినిమాల్లో చాలానే ఉంది, దానికి నా వంతు ఇంకొకటి కలపదలుచుకోలేదు. చిట్టా రాసేవాడు, మిక్చరు కలిపేవాడు అయితేనే నాకు నచ్చింది.

పరిశోధన మాట చెప్పాలంటే, ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టిన పాత పత్రికలు నన్ను నిలబెట్టాయి. వార్తల కంటే ప్రకటనలే ఎక్కువ చదివాను. ఏ తైలం దేనికి అమ్మారు, సీసా ఎన్ని అణాలు, తపాలా ఖర్చు ఎవరిది, ఇవన్నీ వాటిలోనే ఉంటాయి. రామ్మోహన గ్రంథాలయానికి కూడా వెళ్ళేవాణ్ణి. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకట రమణయ్య గారు గ్రంథాలయాల ప్రతినిధుల మహాసభ జరిపించిన చోటు అది. నా గుమాస్తా సాయంత్రాలు పేపరు చదవడానికి వెళ్ళేదీ అక్కడికే.

నాకు బాగా పట్టుకున్నది మాత్రం చంద్రుడు. ఒక సాక్షి, సమావేశం మొదలైన రోజు రాత్రి తొమ్మిది గంటలప్పుడు వెన్నెల్లో గట్టు మీద మనిషి ముఖం చూశానంటాడు. రాసేశాక నిజంగా ఆ రాత్రి వెన్నెల ఉందా అని వెతికాను. 1921 ఏప్రిల్ 8న స్కాట్లాండు ఉత్తరాన సూర్యగ్రహణం పట్టింది. గ్రహణం పట్టిందంటే అమావాస్య. రౌద్రి నామ సంవత్సరం పోయి దుర్మతి వచ్చిన ఉగాది ముందటి అమావాస్య అది. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేస్తే మార్చి 31 బహుళ అష్టమి ప్రాంతం. అర్ధరాత్రి దాటితే గాని చంద్రుడు రాడు. ఇక ఆ సాక్షి మాట మార్చలేదు, అలాగే ఉంచి అతన్ని అబద్ధాలకోరుని చేశాను. నవలలో దాన్ని పట్టుకునేది వాళ్ళిద్దరికీ ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ, పంచాంగం కూడా చూడకుండా. పడవవాళ్ళ ఇంట పుట్టిన మనిషికి ఏ రాత్రి ఎప్పుడు వెలుతురు వస్తుందో ఒకరు చెప్పాలా?

కాలువల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇవాళ ప్రకాశం బ్యారేజి మీద నిలబడి చూస్తే అప్పటి నది అర్థం కాదు. బ్యారేజి 1957 నాటిది. నా కథ కాలానికి ఉన్నది 1855లో పూర్తయిన ఆనకట్ట. అప్పుడు కాకినాడ నుంచి ఏలూరు కాలువ మీద వచ్చిన పడవ, ఆనకట్ట ఎగువన కృష్ణ దాటి, అవతలి కాలువ పట్టి దుగ్గిరాల వెళ్ళి, అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు చేరగలిగేది. హంతకుడు పారిపోవడానికి రైలే ఎందుకు ఎక్కాలి? పోలీసులు స్టేషన్‌లో కాపలా కాస్తుంటే సరుకు పడవ చడీచప్పుడు లేకుండా లాకులు దాటుతుంది. చిట్టాలో అది ఒక్క వరుసే.

ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారని డెల్టాలో పుట్టిన ఎవరికైనా తెలుసు. నీళ్ళు ఆపి, గట్లూ లాకులూ బాగుచేసుకుంటారు. అడుగున బురద పైకి తేలుతుంది. పోయిన చందా పెట్టె ఎక్కడ ఉందో ముందే తెలిసినవాడు కాలువ కట్టేసే రోజు కోసం అందరికంటే ఆత్రంగా ఎదురుచూస్తాడు. నా కథ ఆ ఆత్రం మీదే నడుస్తుంది. అంతకు మించి చెబితే చదవబోయేవాళ్ళకి అన్యాయం చేసినట్టే.

ఇంకో ఆధారం వన్ టౌన్‌లో ఒక పెద్దాయన ఇచ్చారు. ఆయన వయసులో ఉండగా కాంపౌండరు. మిక్చరు సీసాకి నిలువుగా ఒక కాగితం పట్టీ అంటించి, దానికి పక్కన కత్తెరతో గాట్లు పెట్టేవాళ్ళట, గాటుకి ఒక డోసు చొప్పున. “సీసా చూస్తే చాలు బాబూ, రోగి మందు తాగుతున్నాడో పారబోస్తున్నాడో తెలిసిపోయేది” అన్నారు. అది విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. రోజుకు మూడు డోసులు తాగే మనిషి, సీసాలో మిగిలిన మందు, అంటే అతను ఎప్పటిదాకా బతికి ఉన్నాడో లెక్క కట్టొచ్చు. విషం విషయానికి వస్తే, బాటసారులకు ఉమ్మెత్త పెట్టి దోచుకోవడం ఆ రోజుల్లో అందరూ ఎరిగిన నేరమే. పోలీసులు అవయవాలు తీయించి మద్రాసులో కెమికల్ ఎగ్జామినర్‌కి పంపాలి. ఆ శాఖ 1849 నుంచీ ఉంది. అక్కడి నుంచి జవాబు రావడానికి పట్టే కాలంలో నా కాంపౌండరు తన పని తాను చేసుకుంటాడు.

ఇవన్నీ ఆనందంగా చేసిన పనులు. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది వాళ్ళ ఇల్లు. ఇద్దరు మగవాళ్ళు ఒకే గదిలో ఉంటే 1921 బెజవాడలో ఎవరూ అడగరు. ఉద్యోగాల కోసం, చదువుల కోసం వచ్చినవాళ్ళందరూ అలాగే ఉండేవాళ్ళు, పక్కపక్కన పడుకునేవాళ్ళు. పడక ఎవరికీ పట్టదు. వంటిల్లు పడుతుంది. గుమాస్తా నియోగి బ్రాహ్మణుడు. కాంపౌండరు తండ్రి మిషన్‌లో చేరకముందు ఊరి చివర మాలపల్లెలో ఉండేవాడు. వీళ్ళిద్దరూ ఒకే కుండలో వండింది తిన్నారని తెలిస్తే ఇల్లు పోతుంది, ఉద్యోగం కష్టమవుతుంది, గుమాస్తా చెల్లెలి పెళ్ళి ఆగిపోతుంది. వాళ్ళు దాచిపెట్టాల్సిన మొదటి రహస్యం ప్రేమ కాదు, అన్నం. ఇది అర్థమయ్యేదాకా నా పాత్రలు కదల్లేదు. అర్థమయ్యాక అధ్యాయాలు వాటంతట అవే వచ్చాయి. రెండు పొయ్యిలు బయటికి, ఒక పొయ్యి లోపలికి. ఎవరైనా తలుపు తడితే ఎవరి కంచం ఎక్కడికి పోవాలో ఇద్దరికీ తెలుసు.

ఇంత జాగ్రత్తగా బతికేవాళ్ళకు ఇతరుల జాగ్రత్తలు ఇట్టే కనిపిస్తాయి. వర్తకుడి ఇంట్లో ఒక పొయ్యి రాత్రి వెలిగి ఉదయానికి అలికేసి ఉంటే అది గుర్తుపట్టేది వీళ్ళే.

వీధిలో వాళ్ళు ఒకరినొకరు “గుమాస్తా గారూ”, “కాంపౌండరు గారూ” అని పిలుచుకుంటారు, ఇంట్లో “ఏరా”. హెడ్ కానిస్టేబుల్ ఎదుట ఒకసారి కంగారులో “నువ్వు ఉండరా” అని నోరు జారుతుంది. పుస్తకం మొత్తంలో నేను ఎక్కువ టెన్షన్‌తో రాసిన పేజీ అది, శవం దొరికిన పేజీ కాదు. మగవాళ్ళ మధ్య సంబంధాన్ని నేరం చేసిన శిక్షా స్మృతి 377వ సెక్షన్ 1862 నుంచీ అమల్లో ఉన్న కాలం అది. అప్పట్లో యావజ్జీవ ద్వీపాంతరవాసం దాకా వేయొచ్చు. దాన్ని చూపించి బెదిరించేవాడు కథలో ఒకడున్నాడు. వాడి బెదిరింపు పారకుండా ఇంటావిడ చూసుకుంటుంది. ఆవిడ చిన్నప్పుడే భర్త పోయిన మనిషి, ఊరి కళ్ళ కింద బతకడమంటే ఏమిటో తెలిసిన మనిషి. “నా ఇంట్లో అద్దెకున్నవాళ్ళ లెక్క నాకు తెలుసు, నీకెందుకు?” అంటుంది.

పెద్దవాళ్ళు ఇష్టపడి కలిసి ఉంటే 377 కింద నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు మేమిద్దరం టీవీ ముందు కూర్చుని ఏడ్చాం. 2023 అక్టోబరు 17న మాలాంటి వాళ్ళ పెళ్ళికి గుర్తింపు లేదని చెప్పిన తీర్పు కూడా విన్నాం. ఇప్పటికీ ఇల్లు అద్దెకు అడిగితే “ఫ్యామిలీకే ఇస్తామండీ” అంటారు, లేకపోతే “మీరేమిట్లు?” అని అడుగుతారు. నాన్‌వెజ్ వండుతారా అన్నది తర్వాతి ప్రశ్న. వంద ఏళ్ళ కిందటి వంటింటి గురించి రాయడానికి నేను పెద్దగా ఊహించాల్సిన పని పడలేదు.

ప్రచురణ దగ్గర చాలా బాధపడ్డాను. ఒక ప్రచురణకర్త మిస్టరీ చాలా బాగుందన్నారు. “వాళ్ళిద్దరినీ ప్రాణ స్నేహితులు అనేయండి, వచ్చే నెలే వేస్తాం” అన్నారు. ఇంకొకాయన ఎంతో సానుభూతితో, చివర్లో కాంపౌండరు చనిపోతే గొప్ప నవల అవుతుందన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఆయన, అవును, ఇంట్లో నేను అలాగే అంటాను, ప్రింటు తీసిన కాగితాలన్నీ సర్ది పెట్టి, “మనమే వేద్దాం” అన్నాడు.

వేశాం. విజయవాడలో ఉండి ఆ పనికి భయపడక్కర్లేదు, ఈ ఊళ్ళో ప్రింటింగ్ తెలిసినవాళ్ళు వీధికొకరు. ఐఎస్‌బీఎన్ నంబరు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే ఉచితంగా వచ్చింది. యూనికోడ్‌లో రాసింది ప్రెస్సువాళ్ళు వాడే అను ఫాంట్‌లోకి మార్చేటప్పుడు వత్తులు చెదిరిపోయాయి, ప్రూఫులు మళ్ళీ మొదటి నుంచి చూడాల్సి వచ్చింది. డీటీపీ చేసిన అమ్మాయి పేజీలు సర్దుతూ సర్దుతూ కథలో పడిపోయి, “హంతకుడు ఆ మేనల్లుడే కదా అన్నా?” అని అడిగింది. కాదన్నాను. ఆ ఇద్దరి గురించి ఏమీ అడగలేదు. చాలాసేపయ్యాక, “ఆ రెండో పొయ్యి సంగతి బాగుంది” అని మాత్రం అంది.

జనవరిలో పుస్తకాల పండగలో ఒక స్టాలు వాళ్ళు దయతో ఒక మూల చోటిచ్చారు. కొన్నవాళ్ళలో ఎక్కువమంది బెజవాడ పేరు చూసి, కాలువ పడవ బొమ్మ చూసి కొన్నారు. ఒకావిడ రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి, సీసా దగ్గరే తనకు అనుమానం వచ్చిందనీ, కానీ వెన్నెల సంగతి పట్టుకోలేకపోయాననీ చెప్పి, “వీళ్ళతో ఇంకోటి రాస్తున్నారా?” అని అడిగారు.

రాస్తున్నాను. ఈసారి గుంటూరు, కాంపౌండరు వాళ్ళమ్మ ఇల్లు. 1922 ఈస్టర్‌కి ఇద్దరూ వెళతారు. గుంటూరులో ఎవరి ఇంట్లోనైనా ఆ రోజుల నాటి పద్దు పుస్తకాలు, ఉత్తరాలు ఉంటే ఒకసారి చూడనివ్వండి. పండక్కి ఏం వండారో, సరుకులు ఎంతకు కొన్నారో, బంతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో నాకు కావాలి.