ఆటల పీసీలో బజైట్ ఎందుకు పెట్టుకున్నానంటే

ఆటల కోసం ఉన్న కంప్యూటర్‌ని రిపేర్ చేస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు, ఆన్ చేయగానే ఆట మొదలవ్వాలి, అంతే. ఇంతకుముందు వాడిన లినక్స్ డిస్ట్రోలో (డిస్ట్రో అంటే లినక్స్‌లో ఒక రకం) ఒక అప్‌డేట్ తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ పోయి ఆదివారమంతా నల్ల స్క్రీన్ ముందే గడిచింది. అందుకే ఆటల కోసమే తయారైన లినక్స్ డిస్ట్రో బజైట్‌కి మారాను. ఇది ఫెడోరా అటామిక్ అనే లినక్స్ ఆధారంగా తయారైంది, అంటే సిస్టమ్ మొత్తం ఒకే ఇమేజ్‌గా, అంటే ఒకే ముక్కగా, అప్‌డేట్ అవుతుంది, ఏదైనా తేడా వస్తే బూట్ మెనూలో పాతది ఎంచుకుని వెనక్కి వెళ్లిపోవచ్చు, ఆ టెన్షనే ఉండదు. ఎన్విడియా కార్డు ఉంటే డ్రైవర్ కలిపిన ఇమేజ్ విడిగా ఉంటుంది, డౌన్‌లోడ్ చేసేటప్పుడే చూసుకోండి. విండోస్ ఆటల్ని లినక్స్‌లో నడిపే ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్‌ని 2018లో వాల్వ్ (స్టీమ్ కంపెనీ) తెచ్చాక అవి చాలావరకు నడుస్తున్నాయి. వాలరెంట్ మాత్రం, దాని యాంటీ చీట్ (ఆటలో మోసాల్ని అడ్డుకునే సాఫ్ట్‌వేర్) వల్ల, ఏ డిస్ట్రోలోనూ నడవదు. రోజూ ఆడేది అదే అయితే విండోస్‌లోనే ఉండండి. మిగతా ఆటల సంగతి ఏ ఆట ఎలా నడుస్తుందో చెప్పే ప్రోటాన్‌డీబీ సైట్‌లో ముందే చూసుకోవచ్చు.